మా ఇంట్లో మేమే చుట్టాలం

ఆస్ట్రేలియా అంటే ఎండల దేశమని మా బందరులో అందరూ చెప్పారు. చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఆస్ట్రేలియా మొహం చూసినవాళ్ళు కారు. నేను పెట్టె సర్దుకుంటుంటే మా అత్తగారు పక్కన కూర్చుని, "అక్కడ స్వెట్టర్లు ఎందుకే, బరువు దండగ" అని రెండు స్వెట్టర్లు తీయించేసి, వాటి చోట కందిపొడి పొట్లాలు పెట్టించారు. ఆ రెండు స్వెట్టర్ల గురించి నేను సిడ్నీలో మూడు చలికాలాలు ఆవిణ్ణి తిట్టుకున్నాను. పైకి కాదు, లోపల్లోపలే.

మేం వచ్చింది వైటూకే పుణ్యాన. మా ఆయన అమీర్‌పేటలో ఆరు నెలలు కూర్చుని కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. అప్పట్లో ఆ ముక్క వచ్చినవాడికి సంబంధాలూ వీసాలూ వాటంతట అవే వచ్చేవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి ప్రపంచం ఆగిపోతుందన్నారు. ఆగలేదు. ప్రపంచం ఆగకపోవడంతో మా ఆయన కాంట్రాక్టు ఆగింది. కొన్నాళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చుని, కనిపించిన ప్రతి కంపెనీకీ కాగితాలు పంపి, చివరికి కాన్‌బెర్రాలో ఒక చిన్న పని దొరికించుకున్నారు. సోమవారం పొద్దున్నే బస్సెక్కితే శుక్రవారం రాత్రికి గానీ ఇల్లు చేరేవారు కాదు. మధ్యలో ఆ ఐదు రోజులూ సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో నేనూ, మా నాలుగున్నరేళ్ళ పాపా.

ఇల్లు స్టేషన్‌కి పది నిమిషాల నడక. ఇటుక గోడలు కావు. ఫైబ్రో అంటారు, సన్నటి సిమెంటు పలకలు కొట్టి కట్టిన పాత ఇల్లు. మే నెలలో గడ్డకట్టిన కొబ్బరినూనె మళ్ళీ సెప్టెంబరులో గానీ కరిగేది కాదు. పొద్దున్నే వంటింట్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి కనిపించేది. పాపకు అది సరదా. నోరు తెరిచి "హా, హా" అంటూ ఇల్లంతా తిరిగేది. ముందుగదిలో మూలన ఒక ఇనప పొయ్యి ఉండేది, కట్టెలు వేసి వెలిగించేది, గొట్టం కప్పులోంచి బయటికి పోయేది. దాని తలుపు ఒక పక్క వంగిపోయి సరిగా మూసుకునేది కాదు. వెలిగిస్తే వెచ్చదనమూ వచ్చేది, పొగా వచ్చేది. కరెంటు హీటరు పెట్టి చూశాం. పెట్టిన ప్రతిసారీ ఫ్యూజు ఎగిరిపోయి ఇల్లంతా చీకటయ్యేది.

ఆ ఇల్లు ఒక తెలుగు అంకుల్‌ది. రేపల్లె వైపు మనిషి. మాకంటే చాలా ఏళ్ళు ముందొచ్చి, రైల్వేలో పని చేసి, ఆ ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అందులోనే పెంచి, తర్వాత ఆంటీతో కలిసి ఊరి చివర కొత్త ఇటుకల ఇంటికి మారారు. ఆదివారాలు తెలుగు ప్రార్థన కూటం వాళ్ళింట్లోనే జరిగేది. మా బందరు చర్చి పాస్టరుగారు ఒక ఉత్తరం ముక్క రాస్తే, మొహం కూడా తెలియని మా కోసం ఎయిర్‌పోర్టుకి వచ్చి నిలబడిన మనిషి ఆయన. తిన్నగా ఆ పాత ఇంటికే తీసుకొచ్చి తాళాలు మా ఆయన చేతిలో పెట్టారు. మా ఆయన అగ్రిమెంటు సంగతి ఎత్తబోతే ఆయనకు నిజంగా బాధ కలిగింది.

"మన మధ్యన కాగితాలేంటయ్యా? ఏజెంట్లు, బాండు డిపాజిట్లు, అవన్నీ తెల్లవాళ్ళకి. నువ్వు ఉన్నన్నాళ్ళు ఉండు" అన్నారు.

మేం ఎంత పొంగిపోయామో చెప్పలేను. తోటి తెలుగువాళ్ళు అద్దె ఇంటి కోసం ఏజెంట్ల చుట్టూ తిరుగుతుంటే మాకు మాట మీద ఇల్లు దొరికింది, నెలనెలా అద్దె అంకుల్ చేతికిస్తే చాలు. ఈ దేశంలో ఆ కాగితమే మనిషికి పునాది అని మాకు తెలియదు. తర్వాత ఇల్లు మారదామని రెండు మూడు చోట్ల అడిగితే, ఇదివరకు ఎక్కడ అద్దెకున్నారో రుజువు చూపించమన్నారు. మా దగ్గర రుజువు లేదు. పైగా మా ఆయన ఉద్యోగం ఆర్నెల్లకొకసారి పుట్టి పోయే రకం. ఆ ఫైబ్రో ఇంట్లోనే ఉండిపోయాం.

పాపకు రెండో చలికాలంలో మొదలైంది. ముందు దగ్గు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు. నిద్రలో పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం చూస్తూ నేను దాని పక్కనే కూర్చునేదాన్ని. నేను ఊపిరి గట్టిగా పీలిస్తే దానికి కాస్త అందుతుందేమోనన్నట్టు పీల్చేదాన్ని. పొయ్యి వెలిగిస్తే పొగకు ఆయాసం. ఆర్పేస్తే చలికి ఆయాసం. ఏది చేసినా తప్పే, ఏదో ఒకటి చేయకా తప్పదు. అంత చేతకానితనం నా బతుకులో అంతకు ముందు నాకు తెలియదు.

మూడో చలికాలం మొదట్లో మా డాక్టరమ్మ పాప ఛాతీ విని, స్టెతస్కోప్ మెడలోకి వేసుకుని, "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. మందులు తను ఎన్నైనా రాయగలదట, ఆ పొయ్యి ఇంట్లో ఉన్నంతకాలం అవి చాలవట. సొరుగులోంచి ఒక కరపత్రం తీసి ఇచ్చింది. పొగ పొయ్యి తీసేసి పొగలేని హీటరు పెట్టుకునేవాళ్ళకి, సీలింగ్ పైన చలి దిగకుండా ఇన్సులేషన్ పరిపించుకునేవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందని దాని మీద రాసి ఉంది. బొమ్మలో ఒక కుటుంబం చొక్కాలు మాత్రం వేసుకుని, ఏ శాలువాలూ లేకుండా, నేల మీద కూర్చుని ఆడుకుంటోంది. ఆ బొమ్మను నేను రైలు దిగేదాకా చూస్తూనే ఉన్నాను.

అంకుల్‌ని అడగాలంటే నోరు రాలేదు. ఊరికే ఇల్లిచ్చినంత మర్యాద చేసిన మనిషిని, మీ ఇల్లు నా బిడ్డకు పడటం లేదని ఎలా అంటాం? రెండు ఆదివారాలు కరపత్రం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్ళి, మళ్ళీ అలాగే తెచ్చుకున్నాను. మూడో ఆదివారం పాప ప్రార్థన మధ్యలో ఆగకుండా దగ్గింది. ఆంటీ వెనక్కి తిరిగి చూశారు. ఇంక తప్పదని, భోజనాల దగ్గర కరపత్రం అంకుల్ చేతిలో పెట్టాను.

నేను భయపడినట్టు ఆయన నొచ్చుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అరె, ఇంత మంచి స్కీం ఉంటే చెప్పవేంటమ్మా ఇన్నాళ్ళూ?" అన్నారు. తర్వాత కరపత్రం మీద వేలు పెట్టి చూపించారు. "ఇదిగో, ఇక్కడ హోమ్ ఓనర్స్‌కి అన్నాడు చూశావా? రెంట్‌కిచ్చానంటే వీళ్ళు ఇవ్వరు. నేనే అందులో ఉంటున్నానని అప్లై చేస్తా. పేపర్‌వర్కంతా నేను చూసుకుంటాగా, యూ డోంట్ వర్రీ."

నాకు అందులో తప్పు కనిపించలేదు. మేం పెరిగిన చోట దరఖాస్తు అంటే పని అయ్యేలా రాయించుకునే కాగితం. తాలూకాఫీసు ముందు రేకుల షెడ్డులో ఒకాయన కూర్చుని అందరికీ అర్జీలు రాసేవాడు. మా నాన్నగారంతటి చదువుకున్న మనిషి కూడా వెళ్ళి ఆయన ముందే నిలబడేవారు. ఏ గడిలో ఏది రాస్తే ఫైలు కదులుతుందో ఆయనకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాస్తే, చేతకానివాడు రాశాడని నవ్వేవాళ్ళు. అంకుల్ కూడా అలాంటి షెడ్డు ముందు నిలబడి పెరిగినవారే. నేను బందరులో ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేశాను. ప్రశ్నపత్రం పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని. ఆ ఫారం ఒకసారి చూపించండి అంకుల్ అని మాత్రం అడగలేదు. పెద్దాయన చేస్తానంటుంటే మళ్ళీ కాగితం అడిగితే ఏం బాగుంటుంది అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక గురువారం ఉదయం పదింటికి ఇల్లు చూడటానికి మనిషి వస్తాడని కబురొచ్చింది. అంకుల్ ఎనిమిదింటికే కారేసుకుని వచ్చేశారు. చేతిలో ఒక సంచి. అందులోంచి ఆయన షేవింగ్ సెట్టు తీసి బాత్రూమ్‌లో పెట్టారు, చెప్పులు మంచం కింద పెట్టారు, రెండు చొక్కాలు బీరువాలో వేలాడదీశారు. నేను మా ఆయన ఫొటోలు, పాప బొమ్మలు, గోడకు అతికించిన దాని రంగుల కాగితాలు, చిన్న దుప్పటి, అన్నీ రెండు సంచుల్లో కుక్కి అంకుల్ కారు డిక్కీలో పడేశాను. పెళ్ళివారిల్లు సర్దినట్టు హడావిడి పడుతూ, ఒకరి కంగారు చూసి ఒకరు నవ్వుకున్నాం కూడా. పాప తన కుందేలు బొమ్మ ఎక్కడికి పోయిందని నా కుచ్చిళ్ళు పట్టుకుని తిరిగింది.

"ఈ రోజు మనం చుట్టాల ఆట ఆడదాం. ఇది అంకుల్ ఇల్లు, మనం చూడ్డానికొచ్చాం" అని చెప్పాను.

"ఓకే" అంది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

వచ్చినాయనకు యాభై ఏళ్ళుంటాయి. పెద్ద బూట్లు, ఒక మడత నిచ్చెన, టార్చిలైటు. మంచి మనిషి అని చూడగానే తెలిసే రకం. నిచ్చెనెక్కి సీలింగ్‌లో ఉన్న చదరపు మూత పక్కకు జరిపి, తల పైకి పెట్టి చూసి, ఇంటి కప్పుల్లో చేరే పోసమ్ అనే జంతువు పెంటికలు తప్ప పైన ఏమీ లేదని నవ్వాడు. దిగొచ్చి అట్ట మీద కాగితాలు పెట్టుకుని, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు. అంకుల్ తానొక్కడినే అన్నారు. భార్య కూతురి దగ్గర ఉంటుందన్నారు. మేం ఊర్నించి చూడ్డానికొచ్చిన బంధువులమన్నారు. ఆయన అన్నీ రాసుకున్నాడు. పైన చెప్పినవన్నీ నిజమని, అబద్ధమైతే చట్టప్రకారం చర్య ఉంటుందని కింద ఉన్న వాక్యం గొంతెత్తి చదివి, అంకుల్ చేత మళ్ళీ సంతకం పెట్టించుకున్నాడు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండనివ్వమని పెట్టుకున్న మా పీఆర్ దరఖాస్తు అప్పుడు ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గరే ఉంది. దాని కింద కూడా ఇలాంటి వాక్యమే ఉంది.

తర్వాత పొయ్యి ఒకసారి వెలిగించి చూపించమన్నాడు.

అంకుల్ ఆ పొయ్యి ముట్టుకుని ఏళ్ళయింది. కాగితాలు నలిపి పెట్టారు, నాలుగు పుల్లలు గీశారు. అంటుకోదు. అంటుకున్నది ఆరిపోతుంది. దాని గుణం నాకు తెలుసు. గాలి వదిలే పిడి సగం దాకా లాగి, తలుపు కిందివైపు కాలితో ఆనించి, పుల్లలు వెనకవైపు పేర్చాలి. కాసేపు చేతులు నలుపుకుంటూ నిలబడి చూశాను. తట్టుకోలేక వెళ్ళి కూర్చుని, రెండు నిమిషాల్లో వెలిగించాను. లేచి చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు. కాగితం వైపు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

వంగిన తలుపు సందులోంచి పొగ ఎప్పటిలాగే గదిలోకి వచ్చింది. సోఫా మీద కూర్చున్న పాప దగ్గడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, తర్వాత ఆగకుండా. మొహం ఎర్రబడింది. అలవాటైన పిల్ల కాబట్టి ఏడవలేదు. చెయ్యి నా వైపు చాపి, "మమ్మీ, పఫర్" అంది.

ఆయాసానికి పీల్చే ఆ మందు ఈ పొగ వల్లే నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండేది. తీశాను. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ప్లాస్టిక్ గొట్టం మూతికి ఆనించి, మందు నొక్కి, ఊపిర్లు లెక్కపెట్టాను. ఆయన వచ్చి మా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. కాగితాల్లో ఒకటి పైకి తిప్పి, పెన్ను తీసి, చాలా మెల్లగా అడిగాడు.

"ఈ పాప ఇక్కడే ఉంటుందా?"

నా జవాబు కోసం పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు. ఆయన కావాలనే అడిగాడని నాకు తెలుసు. అవునంటే చాలని ఆ మొహంలో రాసి ఉంది. నేను అంకుల్ వైపు చూశాను. ఆయన పొయ్యి పక్కన నిలబడి ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడే ఆయన సంతకం పెట్టారు. అవునంటే ఎయిర్‌పోర్టులో మా కోసం నిలబడిన మనిషి మా ఎదుటే అబద్ధాలకోరవుతాడు. మా పీఆర్ ఏమవుతుందో, కాన్‌బెర్రాలో ఉన్న మా ఆయన ఏమవుతారో. ఇవన్నీ ఒక్క రెప్పపాటులో తిరిగాయి. పాప ఛాతీ నా అరచేతి కింద పిల్లి గురకలా కూస్తూనే ఉంది.

"లేదండీ. చూడ్డానికొచ్చాం" అన్నాను.

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

లేస్తూ చెప్పాడు. సాయం అందరికీ ఒకేసారి రాదట. ఇంట్లో ఊపిరి జబ్బున్న పిల్లలుంటే వాళ్ళ పేరు అన్నిటికంటే పైన పెడతారట, కొద్ది వారాల్లోనే పని పూర్తి చేస్తారట. పోయిన వారం ఈ వీధి చివరే ఒక అద్దె ఇంట్లో ఆయాసం ఉన్న బాబు కోసం అలాగే పెట్టించాడట. ఓనరు సంతకం ఒక్కటి ఉంటే అద్దెవాళ్ళకైనా ఇస్తారట. ఒక్క మగమనిషి ఉండే ఇల్లు మాత్రం జాబితాలో కిందికి పోతుందట, ఈ చలికాలానికి కుదరదట. చెప్తున్నంతసేపూ నన్ను కాదు, గోడ మీద పాప కాగితాలు ఊడబెరికిన జిగురు మరకల్ని చూశాడు.

గుమ్మం దగ్గర ఆగి, ఇక్కడివాళ్ళు ప్రతి ఆడమనిషినీ అన్నట్టే నన్ను "లవ్" అని పిలిచి, "పాపని తొందరగా మీ ఇంటికి తీసుకెళ్ళండి. ఈ పొగలో ఉంచకండి" అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

అంకుల్ చాలాసేపు కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. ఆ వచ్చినాయన ఇచ్చి వెళ్ళిన ఫారం నకలు నా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. అద్దెకున్నవాళ్ళకి వేరే గడి ఉంది. దాని కింద, ఇంట్లో ఎవరికైనా ఊపిరి జబ్బు ఉందా అన్న ప్రశ్న పక్కన, అంకుల్ చక్కటి చేతిరాతతో లేదు అని టిక్కు పెట్టి ఉంది.

"మీ మంచికే చేశానమ్మా" అన్నారు.

"తెలుసంకుల్."

"ఇప్పుడు ఫోన్ చేసి మాట మారిస్తే మొత్తం మెస్ అయిపోద్ది. నాది సరే, మీ పీఆర్ ఫైలుకి కూడా ప్రాబ్లమే. నెక్స్ట్ ఇయర్ చూద్దాం. ఈలోపు నేను డోర్ బాగు చేయిస్తా."

"పర్లేదంకుల్" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని నా మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన మీద అరవాలనిపించింది, ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. ఆయన షేవింగ్ సెట్టు, చెప్పులు, చొక్కాలు సంచిలో పెట్టుకుంటుంటే, మర్యాదగా టీ తాగి వెళ్ళమన్నాను. తాగకుండానే వెళ్ళిపోయారు. వెళ్తూ డిక్కీలోంచి మా సంచులు తీసి వాకిట్లో పెట్టారు.

సంచులు లోపలికి తెద్దామని వెళితే పాప గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. తనంతట తనే కోటు వేసుకుంది, గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకుంది. షూస్ ఎడమది కుడికి, కుడిది ఎడమకి తొడుక్కుంది. కుందేలు బొమ్మను సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడికే?" అన్నాను.

"హోమ్" అంది. "ది మ్యాన్ సెడ్ గో హోమ్."

దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. షూస్ లేసులు విప్పుతూ, "ఇదే మన ఇల్లు తల్లీ. ఆట అయిపోయింది" అన్నాను.

అది కాలు వెనక్కి లాక్కుంది. నా మొహంలోకి చూసింది. పిల్లలు పెద్దవాళ్ళ తప్పు పట్టుకున్నప్పుడు చూస్తారే, అలా.

"నో మమ్మీ. హి ఆస్క్‌డ్ యూ. యూ సెడ్ నో."